ఎక్స్‌రే తీశారు సరే, బొమ్మ ఏదీ?



మా పట్టణంలో ఈమధ్య ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్నవాళ్ల చేతికి వస్తున్నది మామూలు కాగితం మీద ఒక ప్రింటు. కొన్నిచోట్ల అదీ లేదు, వాట్సాప్‌లో ఒక ఫొటో పంపి సరిపెడుతున్నారు. డబ్బు మాత్రం ఎక్స్‌రేకే తీసుకుంటారు. ఉద్యోగమంతా ప్రభుత్వాసుపత్రి ఎక్స్‌రే గదిలో చేసి రిటైరైనవాణ్ని గనక గట్టిగా చెప్పగలను, ఆ కాగితం ఎక్స్‌రే కాదు. యంత్రం తీసిన అసలు బొమ్మ, దాన్ని చూసిన డాక్టరు సంతకంతో రిపోర్టు, ఈ రెండూ రోగికి ఇచ్చి తీరాలి.

ఛాతీ ఎక్స్‌రేలో ఉన్నదంతా నలుపు తెలుపుల తేడాయే. గాలిలోంచి కిరణాలు సులువుగా దూసుకుపోతాయి కాబట్టి ఊపిరితిత్తులు నల్లగా పడతాయి. ఎముక చాలావరకు అడ్డుకుంటుంది, అందుకే తెలుపు. గుండె, రక్తనాళాలు, నెమ్ము, చేరిన నీరు, ఇవన్నీ ఆ రెంటి మధ్య రకరకాల బూడిదరంగులు. జబ్బు దాక్కునేది ఈ బూడిదరంగుల్లోనే. డిజిటల్ యంత్రం వాటిని వేల ఛాయల్లో నమోదు చేస్తుంది. డాక్టరు కంప్యూటర్ ముందు కూర్చుని వెలుగు పెంచుతూ తగ్గిస్తూ గుండె వెనక ఏముంది, పక్కటెముకల చాటున ఏముంది అని వెతుకుతాడు. ఫోన్లో పంపే ఫొటోలో ఆ వేల ఛాయలు 256కు కుదించుకుపోతాయి. కాగితం మీద ఇంకా తక్కువ. గుండె వెనకున్న నెమ్ము ప్రింటులో ఒట్టి తెలుపైపోయిందంటే, దాన్ని ఎంత పెద్ద స్పెషలిస్టుకు చూపించినా కనబడదు.

ఫొటో తీసేటప్పుడు అంచులు కూడా పోతాయి. ఎక్స్‌రే మూలన పేరు, తేదీ, కుడి ఎడమల గుర్తుతోపాటు పీఏ అనో ఏపీ అనో ఉంటుంది (మన రాష్ట్రం కాదు లెండి). పీఏ అంటే కిరణాలు వీపు వైపు నుంచి వచ్చినట్టు. మనిషిని నిలబెట్టి, ఛాతీ స్టాండుకు ఆనించి, గడ్డం పైకెత్తించి, భుజాలు ముందుకు తోయించి, ఆరడుగుల దూరం నుంచి తీస్తాం. గుండె దాదాపు ఉన్నంతే పడుతుంది. మంచం మీంచి లేవలేనివాళ్లకు ముందు వైపు నుంచి, దగ్గర నుంచి తీసేది ఏపీ. అందులో గుండె ఉన్నదానికంటే పెద్దదిగా కనబడుతుంది. ఛాతీ వెడల్పులో సగం దాటితే గుండె పెరిగినట్టే అనే లెక్క పీఏకే చెల్లుతుంది. ఆ రెండక్షరాలు తెగిపోతే లేని గుండెజబ్బు అంటగట్టే ప్రమాదం ఉంది.

జడ సంగతీ అంతే. ఆడవాళ్లను జడ పైకి ముడేసుకోమ్మా అని అడిగేది ఊరికే కాదు. భుజం మీద పడ్డ జడ నీడ ఊపిరితిత్తి పైకొసన పడితే అచ్చం క్షయ మచ్చలాగే ఉంటుంది. అసలు బొమ్మలో ఆ నీడ మెడ దాకా సాగిపోవడం చూసి, ఇది జడ అని తేల్చుకుంటారు. మెడ కత్తిరించేసిన ఫొటోలో ఎలా తేలుతుంది?

అన్నిటికంటే పెద్ద నష్టం రేపు జరుగుతుంది. మన దగ్గర ఎప్పుడో క్షయ వచ్చి మందులు వాడి తగ్గినవాళ్లు చాలామంది ఉన్నారు. జబ్బు తగ్గినా ఊపిరితిత్తి పైభాగాన మచ్చ మిగిలిపోవచ్చు. పదేళ్ల తర్వాత అదే మనిషి దగ్గుతో వస్తే ఆ మచ్చ మళ్లీ కనబడుతుంది. పాతదా, కొత్తగా రాజుకుందా? ఒక్క బొమ్మ చూసి ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కళ్లె పరీక్ష ఎటూ చేయిస్తారనుకోండి, కానీ పాత ఎక్స్‌రే పక్కన పెట్టి చూస్తే సగం అనుమానం అక్కడే తీరుతుంది. చిన్న గడ్డలాంటిది కనబడినప్పుడూ అంతే. రెండేళ్లకు పైగా కదలకుండా అలాగే ఉన్న గట్టి గడ్డ చాలావరకు భయపడాల్సింది కాదు. ఆ మాట అనాలంటే రెండేళ్ల కిందటి బొమ్మ ఉండాలి కదా.

అది లేనప్పుడు సీటీ స్కాన్ రాస్తారు. డాక్టర్లను తప్పుపట్టను, వాళ్లకు వేరే దారి లేదు. అయితే ఛాతీ ఎక్స్‌రేకు ఒంట్లో పడే రేడియేషన్ ప్రకృతిలో కొద్ది రోజుల్లో ఎలాగూ పడేదంతే. మామూలు ఛాతీ సీటీకి పడేది దాదాపు రెండేళ్లది. ఖర్చు సంగతి సరేసరి.

ఫిల్ము ఖరీదు పెరిగిందని సెంటర్లవాళ్లు అంటారు. నిజమే. అందులో వెండి ఉంటుంది, పాత ఫిల్ములు పాతసామాన్ల వాళ్లు ఎగబడి కొనేది అందుకే. (బీరువాలో చోటు చాలక అలా అమ్మేసుకున్న ఇళ్లు ఎన్నో.) కాబట్టి ఫిల్మే కావాలని నేను అడగడంలేదు. యంత్రంలో ఇప్పటికే ఉన్న ఫైలు (దాన్నే డైకామ్ ఫైలు అంటారు) ఇవ్వమంటున్నాను. లింకు పంపొచ్చు, పెన్‌డ్రైవ్‌లో వేయొచ్చు. దానికి ఖర్చేమీ కాదు. 2021లో కేంద్రం మొదలుపెట్టిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో ఆభా ఖాతా ఉన్నవాళ్ల రికార్డులు దానికి జతచేసే వీలూ ఉంది. రోగి అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నాటి నియమావళిలోనే ఉంది. అడిగేవాళ్లే లేరు.

రిపోర్టుల విషయం ఒక్క ముక్కలో చెప్పి ముగిస్తాను. ‘ఛాతీ నార్మల్’ అని అచ్చేసిన కాగితం మీద చూసిందెవరో ఉండదు, పాతదానితో పోల్చారో లేదో ఉండదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జిల్లా వైద్యాధికారులు డయాగ్నస్టిక్ సెంటర్ల రిజిస్ట్రేషన్ రెన్యూ చేసేటప్పుడే అసలు ఫైలు, సంతకమున్న రిపోర్టు ఇవ్వాలని షరతు పెట్టాలి. అందాకా పాఠకులు డబ్బు కట్టకముందే కౌంటర్లో ‘డైకామ్ ఫైలు ఇస్తారా’ అని ఆ పేరుతోనే అడగండి. ఇవ్వం అంటే అదే వీధిలో ఇంకో సెంటరు ఉంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రేడియోగ్రాఫర్,
తెనాలి