చమురు నడిపే చక్రాలు

పచ్చిక కోసే యంత్రానికి ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ 1830లో పేటెంటు పొందాడు. ఆనాడు దానిని మనిషి నెట్టవలసి వచ్చేది. నేడు అమెరికాలోని విశాలమైన ఇళ్ల ఆవరణలలో యజమాని యంత్రంపైనే కూర్చుని పచ్చిక కోస్తాడు. అట్టి యంత్రాలలో అనేకం గేరు మార్చే పని లేకుండా ఒక్క పెడలుతోనో, మీటతోనో ముందుకూ వెనుకకూ నడుస్తాయి. ఇందులోని మర్మమేమిటి?

మూసిన పాత్రలోని ద్రవంపై కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా ప్రసరిస్తుందని 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్లెయిజ్ పాస్కల్ తెలియజేశాడు. ఆ సూత్రమే ఈ యంత్రానికి ఆధారం.

ఇంజను ఒక బెల్టు ద్వారా పంపును తిప్పుతుంది. పంపులో వలయాకారంగా అమర్చిన చిన్న పిస్టన్ల కొనలు ఒక పలకను ఆనుకొని తిరుగుతాయి. పలక పిస్టన్లకు లంబంగా ఉన్నంతసేపు అవి తిరుగుతాయే కాని లోపలికీ వెలుపలికీ కదలవు, చమురు పారదు, బండి నిలిచి ఉంటుంది. పెడలు నొక్కగానే పలక వాలుతుంది, పిస్టన్లు కదలి చమురును మోటారులోనికి నెడతాయి, మోటారు చక్రాలను తిప్పుతుంది. వాలు పెరిగినకొద్దీ వేగం పెరుగుతుంది. పలక ఎదురు దిక్కుకు వాలితే చమురు ప్రవాహం మారి బండి వెనుకకు నడుస్తుంది. పని ముగించిన చమురు తిరిగి పంపునే చేరుతుంది.

ఈ సౌఖ్యానికి మూల్యం లేకపోలేదు. గేర్లతో పోలిస్తే ఇందులో ఎక్కువ శక్తి వేడిగా మారి వృథా అవుతుంది. వేడెక్కి పలుచబడిన చమురు సన్నని సందులలో నుండి జారిపోతుంది. అప్పుడు బండి మెట్ట ఎక్కలేక నీరసిస్తుంది. చల్లార్చే పంకాపై కోసిన గడ్డి పేరుకొంటే ఈ బాధ త్వరగా వస్తుంది. కనుక ఇంజను ఆపి, యంత్రం చల్లారిన పిమ్మట ఆ గడ్డిని తొలగించడం అవసరం.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి. పెడలు వదలగానే బండి తనంతట తానే నెమ్మదిస్తుంది గనుక బ్రేకుతో పని లేదనిపిస్తుంది. అది భ్రమ. ఇంజను ఆగిన తరువాత చమురు మెల్లగా జారుతుంది. వాలులో నిలిపిన బండీ దానితోపాటు జారవచ్చు. ఆగిన బండిని చేతులతో నెట్టుకొనడానికి మరొక మీట ఉంటుంది. దానిని కదిపితే చమురుకు అడ్డదారి తెరుచుకొని చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతాయి. వాలులో ఆ పని చేస్తే, బ్రేకు వేసి ఉండకపోతే, వందల కిలోల బరువుగల బండిని ఆపడం మనిషి తరం కాదు. అందుచేత సమతలంపై బండిని నిలిపి, బ్రేకు బిగించి, ఇంజను ఆపిన తరువాతనే ఆసనం దిగడం క్షేమం.