సంపాదకుని మాట: విషయమెఱిఁగిన గ్రంథపాలకుఁడు

1965లో కోలారు బంగారుగనులలోని ఛాంపియన్ రీఫ్ గనియందు, రెండు కిలోమీటర్లకుఁ బైఁబడిన లోతున, టాటా మౌలిక పరిశోధనసంస్థవారు ఓసాకా, డర్హం శాస్త్రజ్ఞులతోఁ గూడి వాతావరణమునఁ బుట్టిన న్యూట్రినోల జాడ పట్టిన వృత్తాంతము భౌతికశాస్త్ర పత్రికలలోను, సయనైడు దిబ్బల సంగతి పర్యావరణ నివేదికలలోను, గనికార్మికుల శ్వాసకోశవ్యాధుల చరిత్ర వైద్యగ్రంథములలోను జెదరియుండఁగా, 2001 ఫిబ్రవరి 28న గనులు మూఁతపడిన పిదపఁ బుట్టిన విద్యార్థికి వానినన్నిటిని ఒక్కచోటఁ జూపువారెవరు?

పుస్తకముపై తేదీముద్ర వేసి యిచ్చు ఉద్యోగి (ఆయన శ్రమ చులకనయైనది కాదు) యిందులకుఁ జాలఁడు. భూగర్భశాస్త్రమునో వైద్యమునో తానును గొంత చదివి, ఏ పత్రికలు తెప్పింపవలెనో ఆచార్యులతోఁ జర్చించి, ఇంటఁ దెలుఁగు, బడిలోఁ గన్నడము, పరిశోధనలో నాంగ్లము వాడు కోలారు విద్యార్థి యస్పష్టప్రశ్నను ఓపికతో విని స్పష్టపఱచు గ్రంథపాలకుఁడు కావలెను. అట్టివారికి శిక్షణ నిచ్చుటకే గ్రంథాలయశాస్త్రజ్ఞులు రంగనాథన్ గారు 1962లో బెంగళూరున డాక్యుమెంటేషన్ కేంద్రమును నెలకొల్పిరి. 2017లో నేర్పడిన బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయమునకు కోలారే కేంద్రస్థానము. ఆ శిక్షణకేంద్రమునకును ఈ విశ్వవిద్యాలయమునకును నడుమ దూరమెంత?

పాఠకులకొక మనవి: మీ యింట గనులకాలపు పటములు, నివేదికలు, జీతపుఁజీటీలు ఉన్నచోఁ బాతకాగితములవానికిఁ దూఁచి యమ్మక, ముందుగా సమీప కళాశాల గ్రంథపాలకునకుఁ జూపుఁడు.