గిన్నె దగ్గర గుర్రుమనే కుక్క

తెనాలి నించి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఈ వారం నా బల్లమీద వుంది. వాళ్ళింట్లో రెండేళ్ళ కుక్క. పేరు రాజా. వీధిలో అందరికీ స్నేహితుడేనట. ఇంట్లో నాలుగేళ్ళ బాబు చెవులు పట్టుకు లాగినా పల్లెత్తు మాట అనడట. (ఇవి ఆవిడ మాటలే.) కాని అన్నం గిన్నె ముందు పెట్టిన క్షణం నించీ అది వేరే జంతువైపోతుంది. మొన్న బాబు ఆడుకునే బంతి దొర్లుకుంటూ గిన్నె పక్కకి వెళ్ళింది. వాడు వంగాడు. రాజా పళ్ళు చొక్కా చేతిని పట్టుకుని వదిలాయి. అదృష్టం కొద్దీ చర్మానికి తగలలేదు. ఆనాటి నించీ ఇంట్లో రెండు పక్షాలు. కర్రతో నాలుగు తగిలిస్తే బుద్ధి వస్తుందని మామగారు. ఊరి బయట వదిలేసి వద్దామని భర్త. "ఈ రెండూ నాకు ఇష్టం లేదు, మూడో దారి ఏమన్నా వుందా?" అని ఆవిడ ప్రశ్న.

వుంది. అయితే ముందు మామగారి కర్ర సంగతి చూద్దాం.

మన ఆంధ్ర మహాభారతం మొదటి ఆశ్వాసంలోనే ఒక కుక్కపిల్ల తన్నులు తింటుంది. జనమేజయుడు యాగం చేస్తూండగా సారమేయుడు ఆడుకుంటూ అక్కడికి పోతుంది. రాజుగారి తమ్ముళ్ళు దాన్ని కొడతారు. తల్లి సరమ నేరుగా రాజు దగ్గరికి వచ్చి నా బిడ్డ చేసిన తప్పేమిటని నిలదీస్తుంది. సంస్కృత మూలంలో ఇంకో ముక్క వుంది. ఆ పిల్ల హవిస్సును నాకనూ లేదు, అటు కన్నెత్తి చూడనూ లేదు. కొట్టినవాళ్ళ దగ్గర జవాబు లేకపోయింది. సరమ మాత్రం శాపం పెట్టి మరీ వెళ్ళింది.

రాజా తరఫున కూడా అదే ప్రశ్న అడగవచ్చు. దొరికిన తిండిని ఇంకొకరు లాక్కోకుండా కాచుకోవడం కుక్కజాతికి పుట్టుకతో వచ్చిన గుణం. ఒకే ఈతలో పుట్టిన పిల్లలు తల్లి దగ్గర తోసుకోవడం చూశారుగదా! పొగరుతోనో, యజమానిమీద పెత్తనానికో అది గుర్రుమనదు. ఆ వచ్చే చెయ్యి తన ముద్ద ఎత్తుకుపోతుందని దాని భయం. గుర్రుమనడానికి ముందే అది చాలా చెబుతుంది. నములుతున్నది చప్పున ఆపుతుంది, లేకపోతే గబగబా మింగుతుంది. మెడ గిన్నెమీదికి వాలుస్తుంది. ఒళ్ళు బిగుస్తుంది. తల తిప్పకుండా ఓరగా చూస్తుంది, కంట్లో తెల్లగుడ్డు కనిపిస్తుంది. ఇవేవీ మనం పట్టించుకోకపోతే అప్పుడు నోరు విప్పుతుంది. ఆ నోరు విప్పినందుకు కొట్టామనుకోండి, కొన్నాళ్ళకి గుర్రుమనడం మానేస్తుంది. భయం మాత్రం ఎక్కడికీ పోదు, పైగా తన్నుల భయం దానికి తోడవుతుంది. అల్లాంటి కుక్క చడీచప్పుడూ లేకుండా కరుస్తుంది. అంచేత గుర్రుమనే కుక్క మనకి మేలు చేస్తున్నట్టే లెక్క.

"యజమాని ఎవరో తెలియాలంటే తింటూండగా గిన్నె లాగెయ్యాలి" అని సలహా చెప్పే పెద్దమనుషులు ప్రతి వీధిలోనూ వుంటారు. మీరు విస్తరి ముందు కూర్చున్నప్పుడు ఎవరైనా రోజూ వచ్చి మధ్యలో విస్తరి లాగేస్తూంటే మీకు వాళ్ళమీద గౌరవం పెరుగుతుందా? కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంవారు కుక్కల యజమానులను ప్రశ్నించి 2018లో ఒక పరిశీలన ప్రచురించారు. తింటూండగా గిన్నె తీసేసే అలవాటున్న ఇళ్ళలో ఈ కాపలా జబ్బు ఎక్కువగానూ, తింటున్న గిన్నెలో ఇంకేదైనా రుచికరమైనది వేసే ఇళ్ళలో తక్కువగానూ కనిపించింది.

మూడో దారి ఆ రెండో అలవాటులోనే వుంది. మనిషి దగ్గరికి వస్తే వున్నది పోదు, ఇంకా మంచిది వస్తుంది అని కుక్కకి నమ్మకం కలగాలి. రష్యాలో పావ్లోవు పండితుడు కుక్కలమీద చేసిన ప్రయోగాల సంగతి బడిపిల్లలకి కూడా తెలుసు. తిండికి ముందు ఒక చప్పుడు వినిపిస్తూపోతే, కొన్నాళ్ళకి ఆ చప్పుడుకే దాని నోరూరింది. ఇక్కడ చప్పుడు బదులు మీ అడుగుల సవ్వడి, అంతే.

పద్ధతి ఇది. పెద్దవాళ్ళు మాత్రమే చెయ్యాలి. ముందుగా గిన్నెను నలుగురూ తిరిగే చోటునించి తీసి, తలుపు వేసుకునే వీలున్న గదిలో ఒక మూల పెట్టండి. అది తింటున్నంతసేపూ బాబు తలుపుకి ఇవతలే వుండాలి. ఇందులో ఏ రోజూ మినహాయింపు లేదు. తరవాత, కుక్క బిగుసుకోకుండా తింటూ వుండేటంత దూరంలో నిలబడండి. ఆరడుగులు కావచ్చు, పన్నెండు కావచ్చు. దాని గిన్నెలో వున్నదానికన్నా రుచిగా వుండే చిన్న ముక్క ఒకటి అటు విసిరి, వెనక్కి తిరిగి వచ్చెయ్యండి. ఉడికించిన కోడిమాంసమైతే రాజాలు మహారాజులైపోతారు. మాంసం ఇంటికి రానివ్వనివారికి పనీరు ముక్క వుండనే వుంది. ఉల్లి, వెల్లుల్లి తగిలినవీ, కిస్‌మిస్సూ, చాక్లెట్టూ మాత్రం కుక్కకి విషంతో సమానం. పాయసం అడుగున మిగిలింది వేసేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి.

పూటకి నాలుగైదుసార్లు ఇల్లా చేస్తూపోతే, మీరు కనబడగానే అది తల ఎత్తి, ఒళ్ళు వదులు చేసి, ఏం తెచ్చావన్నట్టు చూసే రోజు వస్తుంది. అప్పుడు ఒక్క అడుగు ముందుకి. అంతకన్నా వద్దు. మళ్ళీ బిగుసుకుంటే అది తప్పు చేసినట్టు కాదు, మనం తొందరపడ్డట్టు. మాట్లాడకుండా ఒకటి రెండు అడుగులు వెనక్కి వెళ్ళి అక్కడినించి మళ్ళీ మొదలు. గిన్నె పక్కకి చేరడం, వంగడం, గిన్నె తాకడం, ఇవన్నీ వేరువేరు మెట్లు. కొన్నిటికి వారాలు పడతాయి.

బొమ్మల సంగతి కొంచెం వేరు. గడ్డివాము దగ్గర కుక్క అని మనం పిసినారుల్ని అంటాం గాని, కుక్కలు నిజంగానే తమకి పనికిరానివాటిని కాస్తాయి. మేజోడు, దువ్వెన, కళ్ళజోడు పెట్టె, ఏదైనా సరే. అది ఎత్తుకుపోగానే ఇల్లంతా కేకలు వేస్తూ వెంటపడితే, ఆ వస్తువు వజ్రంతో సమానమని దానికి మనమే చెప్పినట్టు. వెంటపడకండి. ముక్క ఒకటి చూపించి "వదులు" అనండి. వదలగానే ముక్క ఇచ్చి, దాని బొమ్మ దానికే తిరిగి ఇచ్చెయ్యండి. ఇస్తే పోదని తెలిసిన కుక్క తనంతట తానే తెచ్చి ఇస్తుంది. ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడాలి. అది తెలుగు మాటైతే నాకు సంతోషం. మన ఇళ్ళలో కుక్కలతో ఎందుకో అందరూ ఇంగ్లీషే మాట్లాడతారు. పిల్లలకే రాని తెలుగు కుక్కకెందుకని కాబోలు.

ఇంతవరకూ మెత్తగా వున్న కుక్క ఉన్నట్టుండి ఇల్లా మారితే పంటి నొప్పో, చెవిపోటో, ఇంకే జబ్బో వుండవచ్చు. పశువైద్యుడికి చూపించాలి. చర్మం తెగేటట్టు కరిచిన కుక్క విషయంలో ఇంటి వైద్యం వద్దు, తెలిసినవారి సహాయం తీసుకోండి. కరిచినా, పన్ను గీసుకున్నా కారం, సున్నం, పసుపు పెట్టకండి. పదిహేను నిమిషాలపాటు ధారగా పారే నీళ్ళకింద సబ్బుతో కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. బొడ్డు చుట్టూ పొడిచే ఇంజెక్షన్లు పోయాయి, ఇప్పుడవి చేతికే. మధ్యలో మానకుండా అన్ని మోతాదులూ వేయించుకోవాలి.

ఊరి బయట వదిలే ఆలోచన సంగతి. పెంచుకున్న జంతువును వదిలేసి ఆకలికి గురిచెయ్యడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. అదీగాక, తిండి పోతుందని భయపడే కుక్కని నిజంగానే ఆకలికి అప్పగిస్తే, అక్కడ దాని ఎంగిలాకు పక్కనించి వెళ్ళేది ఇంకొకరి నాలుగేళ్ళ బాబు.

అమ్మా, మీ మామగారి చేతిలో కర్ర లాక్కోకండి, ఆయనా గుర్రుమంటారు. రేపటి నించి పొద్దున్నా సాయంత్రమూ రాజాకి ముక్కలు విసిరే పని ఆయనకే అప్పగించండి. కుర్చీ పది అడుగుల దూరంలో వేయండి. ఆయన కుర్చీ ఎన్నడుగులు ముందుకి జరిగిందో నెల తరవాత వ్రాయండి.