కామెర్లకు పసరు చాలదు

రక్తంలో బిలిరుబిన్ పెరిగితే కళ్లు పచ్చబడతాయి. డెసిలీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గర ఉండాల్సిన ఈ పదార్థం రెండున్నర, మూడు దాటిందంటే కామెర్లు పైకి కనిపిస్తాయి. దానికి కారణం హెపటైటిస్ వైరస్ కావచ్చు, పిత్తనాళంలో రాయి కావచ్చు, ఏళ్ల తరబడి తాగిన సారా కావచ్చు. కారణం ఏదైనా మన పల్లెల్లో చాలామంది పట్టే దారి ఒకటే: ముందు పసరు, పథ్యం, ముదిరాక ఆస్పత్రి.

పసరుకు పేరు ఊరికే రాలేదు. కలుషిత నీటితో సోకే హెపటైటిస్ ఎ, ఇ రకాలు ఎక్కువమందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం మందు పోసినవారికి దక్కుతుంది. పసరుకు వాడే నేలఉసిరిని శాస్త్రం చూడకుండా తోసిపుచ్చిందనడమూ తప్పే. హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొన్న నోబెల్ గ్రహీత బ్లంబర్గ్‌తో కలిసి చెన్నై పరిశోధకులు 1988లో దానిపై ఆశాజనక ఫలితాలు ప్రకటించారు. తర్వాతి ప్రయోగాల్లో అవి నిలవలేదు. పైగా కామెర్లన్నీ వాటంతటవే తగ్గేవి కావు. ఇ రకం గర్భిణులకు ప్రాణాంతకం కావచ్చు. రక్తం, సూదులు, తల్లి ద్వారా సోకే బి, సి రకాలు చాలాసార్లు కళ్లు పచ్చబడకుండానే లోలోపల కాలేయాన్ని సిరోసిస్, క్యాన్సర్ దాకా తీసుకెళతాయి. పసరు కోసం పోగొట్టుకునే వారాలు ఇలాంటివారికి తిరిగిరావు.

లివర్ ఫంక్షన్ టెస్టు ఒక్కటే చేయించి ఊరుకోవడమూ సగం పనే. అందులో ఎస్‌జీపీటీ పెరిగితే కాలేయ కణాలు దెబ్బతిన్నాయని తెలుస్తుంది, ఏ వైరస్ దెబ్బతీసిందో తెలియదు. కాలేయం పని ఎంత కుంటుపడిందో పట్టిచ్చే ప్రోథ్రాంబిన్ టైమ్‌కు వేరే పరీక్ష రాయాలి. అందుకే మన ప్రాంతంలోని జగ్గయ్యపేట, నందిగామ ప్రభుత్వాస్పత్రులకు కామెర్లతో వచ్చే ప్రతి రోగికీ వైరస్ పరీక్షలు, ప్రోథ్రాంబిన్ టైమ్ కలిపి చేయడం తప్పనిసరి కావాలి. ఖర్చు సాకు చెల్లదు. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. సి రకం సోకినవారిలో నూటికి 95 మందికి పన్నెండు వారాల మాత్రలతో నయమవుతుంది. బి రకానికి టీకా ఉంది. దాన్ని 1997లో దేశీయంగా తయారుచేసి సామాన్యుడి అందుబాటులోకి తెచ్చింది హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్. పుట్టిన 24 గంటల్లో ఆ టీకా తొలి మోతాదు అందని బిడ్డ ఉంటే తప్పు వ్యవస్థదే.

ఇక నీళ్లు. 2005లో హైదరాబాద్‌లో ఇ రకం కామెర్లు ప్రబలినప్పుడు మురుగుకాలువలను దాటుకుంటూ వెళ్లే తాగునీటి పైపులున్న పేటలే ఎక్కువగా దెబ్బతిన్నాయి. కృష్ణకు దగ్గర్లోనే ఉన్నా మన జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పల్లెలకు అందేది పైపు నీళ్లే. వానలకు ముందే లీకులు పూడ్చి, కుళాయి చివర క్లోరిన్ ఎంతుందో కొలిచి, ఆ అంకెను పంచాయతీ గోడమీద రాయించాలి. బి, సి రకాలకు క్షవరపు కత్తి కూడా దారే కనుక వేదాద్రి సహా తలనీలాలు సమర్పించే ప్రతి క్షేత్రంలోనూ తలకొక కొత్త బ్లేడు వాడేలా దేవాదాయ శాఖ చూడాలి.