ఏదీ, పీల్చి చూపించమ్మా!
తెల్లవారుజాము మంచు, భోగి మంటల పొగ, నూర్పిళ్ల దుమ్ము... సంక్రాంతికి కోనసీమలో ఈ మూడూ కలిస్తే ఉబ్బసం ఉన్నవాళ్లకి పండగ కాదు, గండం. పిల్లికూతలు మొదలవగానే వీపు రాస్తాం, ఆవిరి పట్టమంటాం. మందు పీల్చే పంపు (ఇన్‌హేలర్) మాత్రం ‘అలవాటైపోతుంది’ అన్న భయంతో బీరువాలోనే ఉంటుంది. మృగశిర కార్తెకి ఉబ్బసం పోతుందన్న నమ్మకంతో మింగే కొర్రమీను ప్రసాదం కోసం రాజమండ్రిలో రైలెక్కి నాంపల్లి మైదానంలో బారులు తీరే ఓపిక మనకుంది, రోజూ మందు పీల్చే ఓపికే లేదు. అలాగని తప్పంతా రోగి మీద తోసెయ్యను. పంపు చేతిలో పెట్టి ‘వాడండి’ అనేస్తే వైద్యం సగమే అయినట్టు. ముందు ఊపిరి వదలాలి, నొక్కుతూనే మెల్లగా పీల్చాలి, పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగపట్టాలి. అలా కుదరనివాళ్లకి స్పేసర్ గొట్టం ఉంది. ‘ఏదీ, పీల్చి చూపించమ్మా’ అని అడగడానికి రెండు నిమిషాలు చాలవా? అప్పటికప్పుడు ఆయాసం తీర్చే మందు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, శ్వాసనాళాల వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు కూడా పీల్చాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019లోనే పెద్దలకి తేల్చి చెప్పాయి. ఆ మాట మన పీహెచ్‌సీ గుమ్మం దాటి ఇంటింటికీ చేరాలి. ఇంకొకటి కూడా చేరాలి: ఒక్క వాక్యం పూర్తిగా పలకలేకపోయినా, పెదాలు నీలంగా మారినా, మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, పంపు కొడుతూనే 108కి ఫోన్ చెయ్యాలి. ఆయాసం తగ్గకుండా పిల్లికూతలు మాత్రం ఆగితే నెమ్మదించిందని మురిసిపోకండి; లోపల గాలే ఆడటం లేదేమో!