స్టార్టరుకి ఉరిశిక్ష వేసేముందు...

మన జనాలకి ఓ జబ్బుంది. పాత కారు తాళం తిప్పగానే ఇంజను "ర్ర్... ర్ర్..." అని మూలిగిందంటే చాలు, తీర్పు వచ్చేస్తుంది: "స్టార్టరు పోయింది, మార్చెయ్యండి." సాక్ష్యం లేదు, విచారణ లేదు. మెకానిక్కు అన్నాడంటే సరే, సాయంత్రానికి బండి అప్పజెప్పే తొందర అతనిది. ఆఫీసులో సర్వరు కాస్త నెమ్మదిస్తే లాగులన్నీ తిరగేయించి, రూట్ కాజ్ ఏదంటూ టీముని పీక్కుతినే మనం, ఆదివారం గ్యారేజీలో గంగిరెద్దులా తలూపి డబ్బులిచ్చి వచ్చేయడమే నాకు ఒళ్ళు మండే విషయం.

స్టార్టరు బద్ధకించడం లక్షణం మాత్రమే. రోగం బ్యాటరీలో ఉండొచ్చు, కేబుళ్ళలో, సొలినాయిడ్ కాంటాక్టుల్లో, ఎర్త్ పట్టీలో ఉండొచ్చు. మోటారులోనూ ఉండొచ్చు, కాదన్ను. కానీ చూడకుండా ఎలా చెప్తారు?

చిన్న లెక్క. ఇంజన్ని తిప్పేటప్పుడు స్టార్టరు 150 యాంపియర్లు లాగుతోందనుకోండి. దారిలో ఎక్కడో తుప్పు పట్టి 0.01 ఓమ్ అడ్డుపడితే 1.5 వోల్టులు గోవిందా. ఆ 0.01 ఓమ్ మామూలు మల్టీమీటరు ఓమ్ రేంజికి ఆనదు. కేబులు రెండు కొసలకీ పెడితే హాయిగా "బీప్" అంటుంది. డెవలపర్ మెషీన్లో బ్రహ్మాండంగా నడిచి, ప్రొడక్షన్లో లోడు పడగానే చతికిలబడే కోడుని చూళ్ళేదూ? ఇదీ అంతే. లోడు మీదే కొలవాలి.

ఎలాగంటే, గేరు న్యూట్రల్లో పెట్టి, హేండ్ బ్రేకు లాగి, ఇంజను స్టార్టవకుండా ఇగ్నిషన్ కాయిల్‌కొచ్చే సన్న వైరు పీకండి. మీటరుని డీసీ వోల్టుల్లో పెట్టండి. చార్జింగు నిండుగా ఉన్న బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు 12.6 దాకా చూపాలి. ఇంకొకర్ని తాళం తిప్పమని, తిరుగుతుండగా 9.6 కంటే దిగితే ముందు బ్యాటరీని అనుమానించండి. దిగకపోతే బ్యాటరీ పాజిటివ్ పోస్టు నుంచి స్టార్టరు టెర్మినల్‌కి ఎంత పోతోందో చూడండి. అర వోల్టు దాటకూడదు. తర్వాత స్టార్టరు ఒంటి నుంచి బ్యాటరీ నెగటివ్ పోస్టుకి. ఇక్కడ 0.2 దాటితే ఎర్తింగు దొంగ. ఒక్కోసారి నాలుగైదు సెకన్లు తిప్పితే చాలు.

నా పాత పద్మినికి ఓ గ్యారేజీలో ఇదే ఉరిశిక్ష వేశారు. ఇంటికి తెచ్చి కొలిచాను. తిరిగేటప్పుడు బ్యాటరీ దగ్గర 10.9, స్టార్టరు దగ్గర 8.9. పోయిన రెండు వోల్టుల్లో పాజిటివ్ వైపు 0.3, ఎర్త్ వైపు 1.7! ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి బాడీకి దాన్ని కలిపే ఎర్త్ పట్టీయే దిక్కు. ఆ పట్టీ బోల్టు కింద తుప్పు, పైన పెయింటు. గరుకు కాయితంతో రుద్ది బిగిస్తే మోటారు లేచి కూర్చుంది.

"మరి మా కారుకి కొత్తది వేస్తే బాగైందిగా?" అంటారు. అవుతుంది. మోటారు మార్చాలంటే కేబుళ్ళు విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాలిగా! వైద్యం ఆ బిగింపుది, పేరు కొత్త మోటారుది. సర్వరు రీస్టార్టు చేసి బగ్గు ఫిక్సయిందని చెప్పుకోవడం లాంటిదే.

పోయేది డబ్బులొక్కటే అయితే నాకింత బాధ లేదు. అంబాసిడరు తయారీ 2014లోనే ఆగిపోయింది, పద్మిని అంతకు చాలా ముందే. నిక్షేపంలాంటి ఒరిజినల్ మోటారుని పాత ఇనుముకి తూకానికేసి, ఊరూపేరూ లేని డూప్లికేటు బిగిస్తే, మళ్ళీ ఆ ఒరిజినల్ ఎక్కణ్ణుంచి తెస్తారు? కొలతలన్నీ సరిగ్గా ఉండి, స్టార్టరుకి నిండుగా వోల్టేజీ అందుతూ, ఇంజను బిగుసుకుపోకుండా ఉండి, అప్పటికీ మూలుగుతుంటే తప్పు మోటారుదే, ఒప్పుకుంటా. అప్పుడైనా విప్పించి బ్రష్షులూ బుష్షులూ మార్పించండి. ఆ పని తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్లకీ నాలుగు డబ్బులొస్తాయి, ఆ విద్యా బతుకుతుంది.

ఈసారి ఎవరైనా "మార్చెయ్యండి" అంటే ఒక్క ప్రశ్న వెయ్యండి: "తిరిగేటప్పుడు స్టార్టరు దగ్గర ఎన్ని వోల్టులున్నాయి బాబూ?" జవాబు లేకపోతే పర్సు తియ్యకండి.