నగలు తాకట్టు పెట్టి మాత్రం వద్దు

వన్డే ప్రపంచకప్ 2027 అక్టోబరు, నవంబరుల్లో దక్షిణాఫ్రికా, జింబాబ్వే, నమీబియాల్లో జరగనుంది. బోగోలులో టీ అంగడి ముందు మా కుర్రాళ్ల వాదన అప్పుడే మొదలైంది, పోదామా వద్దా అని. విమానం, వీసా, గది, టికెట్ అన్నీ లెక్కేస్తే రొయ్యల గుంటలో ఒక పంట లాభం ఊడ్చుకుపోతుందని ఒకడు, టీవీలో ఇంకా బాగా కనపడుతుంది కదా అని ఇంకొకడు. నేను పోయేవాళ్ల పక్షమే. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాతో టెస్టులో మన నితీశ్ కుమార్ రెడ్డి 99 మీద ఉండగా బుమ్రా అవుటయ్యాడు. చివరి వికెట్‌గా వచ్చిన సిరాజ్, కమిన్స్ వేసిన మూడు బంతులు కాచుకున్నాడు. తర్వాత బోలాండ్ బంతిని నితీశ్ ఫోరు కొట్టాడు. కొడుకు కోసం ఉద్యోగం మానుకున్న ముత్యాల రెడ్డి గారు స్టాండ్‌లో ఏడ్చేశారు. ఆ మూడు బంతులూ ఊపిరి బిగబట్టి, ఆ జనంలో నిలబడి చూసినవాడికి దక్కింది టీవీ ముందు మనకు దక్కలేదు. కానీ నాకౌట్ టికెట్లు ముందే కొనేవాళ్లు 2007 గుర్తుపెట్టుకోండి. వెస్టిండీస్‌లో బంగ్లాదేశ్ చేతిలో, శ్రీలంక చేతిలో ఓడి మనవాళ్లు మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చేశారు. భార్య నగలు బ్యాంకులో పెట్టి కొన్న టికెట్టుకు ఆ గతి పడితే, చూడని మ్యాచ్‌కి వడ్డీ కట్టాలి. పోవాలనుకుంటే నలుగురూ కలిసి ఈ నెల నుంచే చీటీ వేసుకోండి.